ఏ పేజీ తెరిచి ఉందో రాయి

కావలి

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ, దాంతోపాటు పెట్టిన ఉత్తరం చేరాయి. రెండూ రెండుసార్లు చదివాను. "మీరు గుడికి పోరు, ఇంట్లో దేవుడి గూడు లేదు. మరి మీ బీరువాలో భాగవతం, బైబిలు, ఖురాను ఎందుకు సార్?" అని అడిగావు. నీకూ నమ్మకం పోయిందనీ, చనిపోయిన మీ అమ్మమ్మ బైబిలును పాత పేపర్లతో కలిపి వేసేద్దామనుకుంటున్నాననీ రాశావు. ముందు ఆ పని ఆపు. కారణం తర్వాత చెప్తాను.

నమ్మడం వేరు, చదవడం వేరు. దేవుణ్ణి నమ్మనివాళ్ళలో కొందరు వాదించడానికి ఈ గ్రంథాలు చదువుతారు. కొందరు భాష కోసం చదువుతారు. కొందరికి అది అమ్మానాన్నల గుర్తు, అంతే. మనలా రాసేవాళ్ళకి ఇంకో కారణం ఉంది, నాకు అన్నిటికన్నా పెద్దది అదే. మనం ఎవరి గురించి రాస్తామో వాళ్ళు ఈ పుస్తకాలతో బతుకుతున్నారు. బిడ్డకు పేరు పెట్టేటప్పుడు, అన్నదమ్ములు పొలం గట్టు మీద పోట్లాడుకునేటప్పుడు, శవం పక్కన కూర్చుని ఏడ్చేటప్పుడు వాళ్ళ నోటికొచ్చే మాటలు ఇందులోంచే వస్తాయి. అవి ఎక్కడివో తెలియకుండా వాళ్ళ మనసు రాయలేం.

నీ కథే చూడు. ఒంగోలు పక్క పల్లెలో ఒక అవ్వ వసారాలో కూర్చుని ఉంది. "అవ్వ బైబిలు చదువుకుంటోంది" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోయావు. ఏం చదువుతోంది? ఏ పేజీ తెరిచి ఉంది? "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అనే కీర్తన దగ్గర ఉందంటే ధైర్యం కూడగట్టుకుంటోందని అర్థం. యోబు గ్రంథం దగ్గర ఉందంటే దేవుడితో తగాదాకి దిగింది. ఆ యోబు బిడ్డల్ని, గొడ్డూగోదాని, ఒంట్లో ఆరోగ్యాన్ని పోగొట్టుకుని, నేనేం తప్పు చేశానని దేవుణ్ణే నిలదీస్తాడు. ఓదార్చడానికొచ్చిన స్నేహితులు "నీ పాపమే అయ్యుంటుంది" అంటే ఒప్పుకోడు. చివరికి దేవుడు కోప్పడేది నిలదీసినవాడి మీద కాదు, తనని వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీద.

నీ అవ్వకి ఇద్దరు కొడుకులూ పోయారు, కోడలు ఒక్కతే మిగిలింది. నాకైతే ఆమె చేతిలో రూతు గ్రంథం కనిపించింది. నాలుగే అధ్యాయాలు, ఒక్క పూటలో చదివేస్తావు. మొగుడూ ఇద్దరు కొడుకులూ పోయి, నయోమి సొంతూరికి తిరిగొస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళు "నయోమి వచ్చింది" అనుకుంటుంటే, నన్ను ఆ పేరుతో పిలవొద్దు, మారా అనండి, దేవుడు నా బతుకు చేదు చేశాడు అంటుంది. కోడలు రూతు పరాయివాళ్ళ చేలో పరిగె ఏరుకొచ్చి అత్తకు పెడుతుంది. కోతలయ్యాక చేలల్లో పరిగె ఏరిన ఆడవాళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళకి ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నీ అవ్వని చదువురాని అమాయకురాలిగా చూపించాలనుకున్నావు గానీ, ఆమె చేతిలో ఉన్న పుస్తకంలో తనలాంటి ఇంకో అవ్వ ఉంది.

ఒంగోలు వైపు బైబిలంటే నమ్మకం ఒక్కటే అనుకోకు. 1876-78 కరువులో జనం తిండిలేక చచ్చిపోతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలి పని ఇప్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువ మంది మాదిగలు. అక్షరం దరిదాపుల్లోకి రానివ్వని మనుషుల ఇళ్ళలోకి పుస్తకం అనేది అలా నడిచొచ్చింది. దేవుడు లేడని ఇవాళ నువ్వు ధైర్యంగా రాయగలుగుతున్నావంటే ఆ రాసే చెయ్యి వెనక ఈ కథంతా ఉంది. ఆ బైబిలును కిలోల లెక్కన వేసేస్తాననడం నాకు బాధ కలిగించింది, దాచుకోకుండా చెప్తున్నాను. వేసేముందు ఒక్కసారి తిరగెయ్యి. పెద్దవాళ్ళు ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీస్తారు, మార్జిన్‌లో తేదీలు రాసుకుంటారు. ఏ తేదీన ఇంట్లో ఏం జరిగిందో మీ అమ్మనడుగు.

ఇక గీత సంగతి. మన ఊళ్ళలో ఘంటసాల భగవద్గీత మైకులో వినపడితే వీధిలో వాళ్ళు "ఎవరు పోయారు?" అని బయటికొస్తారు. ఘంటసాల 1974లో పోయారు, ఆయన చివరి కాలంలో పాడిన ఆ రికార్డు ఇప్పుడు చావు ఇంటి గుర్తు. గీత తెరిచి చూస్తే మాత్రం, యుద్ధం చెయ్యలేనని విల్లు పడేసి కూలబడ్డ మనిషిని లేపి నిలబెట్టే సంభాషణ. లేచి పని చెయ్యమనే పుస్తకం పాడె ముందు పాట ఎలా అయింది? ఇందులో ఒక నవలకు సరిపడా విషయం ఉంది. గీత చదవనివాళ్ళకి ఈ ప్రశ్నే తట్టదు.

ఈ గ్రంథాల్లో అనుమానానికి చోటు లేదనుకుంటున్నావేమో. బళ్ళో పోతన పద్యం కంఠస్థం చేసే ఉంటావు. "కలడందురు దీనులయెడ, కలడందురు పరమయోగి గణములపాలన్, కలడందురన్ని దిశలను, కలడు కలండనెడివాడు కలడో లేడో." మొసలి నోట్లో కాలు చిక్కుకున్న ఏనుగు, ప్రాణం పోయే ముందు అడుగుతుంది, ఉన్నాడు ఉన్నాడంటున్నారే, అసలున్నాడా లేడా అని. పోతన అంతటి భక్తుడు ఆ మాట కొట్టేయలేదు. పైపెచ్చు వందల ఏళ్ళు నోళ్ళలో నిలిచేంత అందంగా రాశాడు. నేను ఆ పద్యాన్ని నాస్తికుల పద్యం అనను, ఏనుగు ఆ తర్వాత మొరపెట్టుకుంటూనే ఉంటుంది. కానీ భయంలో ఉన్న మనిషి మనసు అలాగే ఊగుతుంది. దాన్ని అంత నిజాయితీగా పట్టుకున్న తెలుగు వచనం నాకు ఎక్కువ కనిపించలేదు.

మహాభారతం శాంతిపర్వంలో చార్వాకుడొస్తాడు. యుద్ధం గెలిచి ధర్మరాజు హస్తినాపురంలో అడుగు పెట్టినప్పుడు అందరూ దీవిస్తుంటే అతనొక్కడూ, బంధువుల్ని చంపి తెచ్చుకున్న రాజ్యం ఇదేనా అని మొహం మీదే అడుగుతాడు. అక్కడి బ్రాహ్మణులు అతను రాక్షసుడని చెప్పి హుంకారంతో కాల్చేస్తారు. మనిషిని చంపారు గానీ అతనన్న మాట గ్రంథంలోనే మిగిలింది. ధర్మరాజు మనసులో నలుగుతున్నది కూడా ఆ మాటే. ఓడినవాడి మాటని ఇలా దాచిపెట్టుకునే పుస్తకాన్ని మూసి పక్కన పెట్టే హక్కు రాసేవాళ్ళకి లేదు.

పైగా భారతం మన ఇంటి పుస్తకం. విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన నెల్లూరు మనుమసిద్ధి దగ్గర మంత్రి. నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషం పూరించిన ఎర్రన అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంవాడు. శైవులూ వైష్ణవులూ కొట్టుకునే కాలంలో తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. శివుడూ విష్ణువూ కలిసిన దేవుడు. పదమూడో శతాబ్దంలో ఒక రచయిత తీసుకున్న నిర్ణయంగా దాన్ని చూడు, దేవుడితో నీకు పని లేకపోయినా సరే.

ఖురాను నాకు ఒక పెద్దాయన ఇచ్చారు. చేతులు కడుక్కుని తెరవమని మాత్రం అడిగారు, ఈరోజుకీ అలాగే తెరుస్తాను. అందులో 80వ సూరా, అంటే అధ్యాయం, చదువు. ఊరి పెద్దలతో మాట్లాడుతున్నప్పుడు ఒక గుడ్డివాడు మధ్యలో వచ్చి అడిగితే ముఖం చిట్లించుకున్నందుకు ప్రవక్తనే ఆ సూరా మందలిస్తుందని వ్యాఖ్యాతలు చెప్తారు. తన ప్రవక్తకు తగిలిన మందలింపుని ఆ గ్రంథం దాచలేదు. నెల్లూరులో రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర అన్ని మతాలవాళ్ళతో నిలబడతావు కదా, పక్కన నిలబడ్డవాళ్ళు చదివేదేమిటో కూడా తెలుసుకో.

తప్పులు వెతకడానికే చదవాలనిపిస్తుంది ఈ వయసులో. త్రిపురనేని రామస్వామి శంబుక వధ నాటకం రాశారు, అంబేడ్కర్ హిందూ గ్రంథాలన్నీ జల్లెడ పట్టారు. వాళ్ళ కోపానికి కారణం ఉంది, ఆ కోపాన్ని నేను గౌరవిస్తాను. అయితే వాళ్ళు ఆ గ్రంథాల్ని శ్రద్ధగా చదివి పోట్లాడారు. వాట్సాప్‌లో వచ్చిన నాలుగు ముక్కలు పట్టుకుని పోట్లాడలేదు. ఎవరైనా "గ్రంథంలో ఉంది" అని ఒక మనిషిని తక్కువ చేస్తే నువ్వు పేజీ తీసి చూపించగలగాలి, ఉంటే ఉందని, లేకపోతే లేదని. అది చెయ్యి. కానీ కథ రాసేటప్పుడు తప్పుల జాబితా పనికిరాదు.

మొదలుపెట్టడానికి టీటీడీ వేసిన కవిత్రయ భారతం తీసుకో, ప్రతి పద్యానికీ అర్థం ఉంటుంది. విరాటపర్వంతో మొదలుపెట్టు, సంభాషణ ఎలా రాయాలో అక్కడ తెలుస్తుంది. బైబిలు మాత్రం మీ అమ్మమ్మ చదివిన ఆ పాత గ్రాంథిక తెలుగులోనే చదువు. కొత్త తేలిక అనువాదాలు అర్థానికి మంచివే గానీ, అవ్వల నోళ్ళలో ఉన్నది పాతదే. పైకి చదువు. భక్తి లేదని బెరుకు పడొద్దు, పెన్సిల్ పట్టుకుని చదువు.

చదివాక మీ ఊళ్ళో ఓ నలుగురు పెద్దవాళ్ళని పలకరించు. చర్చికి వెళ్ళేవాళ్ళనీ, మసీదుకి వెళ్ళేవాళ్ళనీ, శనివారం ఉపవాసాలుండేవాళ్ళనీ. నమ్మకం గురించి అడక్కు, నీ నమ్మకం లేనితనం గురించీ చెప్పకు. మీకు బాగా ఇష్టమైన భాగం ఏది, మొదట ఎవరు చదివి వినిపించారు, ఎప్పుడు గుర్తొస్తుంది అని అడుగు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, అవ్వ కథ మళ్ళీ రాసి పంపు. దీపావళి లోపు పంపితే తీరిగ్గా చదువుతాను.

ఉంటాను.