పాత ఫొటో పేపరు, సగం ఖాళీ అయిన డెవలపరు సీసా: వాడొచ్చా, పారబోయాలా?

మూతపడ్డ స్టూడియో నుంచి రెండు 'ఇందు' బ్రాండు ఫొటో పేపరు ప్యాకెట్లు, ఎప్పుడో విప్పిన ఇల్ఫోర్డ్ మల్టీగ్రేడ్ ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) పేపరు పెట్టె, సగం వాడిన డెవలపరు (పేపరు మీద బొమ్మను నల్లగా తేల్చే మందు) సీసా దొరికాయన్నారు. ప్రింటు తీస్తే నలుపు బూడిదలా, తెలుపు మసకగా వస్తోంది, తప్పు పేపరుదా డెవలపరుదా అని కదా మీ ప్రశ్న. ఏదైనా కావచ్చు, రెండూ కావచ్చు. చచ్చిన డెవలపరు, చచ్చిన పేపరు చూపించే లక్షణాలు చాలావరకు ఒకటే. అందుకని పాత పేపరును పాత డెవలపరులో వేసి తీర్పు చెప్పకండి.

ముందు డెవలపరు సంగతి తేల్చండి, అది ఐదు నిమిషాల పని. ఒకే పేపరు షీటులోంచి రెండు ముక్కలు కోసి, గది లైటు బాగా తగలనివ్వండి. ఒకటి మీ పాత డెవలపరులో, రెండోది కొత్తగా కలిపినదాంట్లో ఒకేసారి వేయండి. రెండూ 20 డిగ్రీల దగ్గర, ఒకే పలుచన. ఆర్‌సీ అయితే ఒక నిమిషం, ప్లాస్టిక్ పూత లేని ఫైబర్ పేపరైతే రెండు నిమిషాలు. పేపరు ఒకటే కాబట్టి నలుపులో తేడా వస్తే అది డెవలపరు తేడానే. పాతదాంట్లో వేసిన ముక్క ఆలస్యంగా నల్లబడి, చివరికి కూడా ముదురు బూడిద దగ్గరే ఆగిపోతే మొహమాటపడకుండా పారబోయండి.

రంగు కొంతవరకే చెబుతుంది. లేత పసుపు బాగున్నట్టు. పలచటి టీ రంగులో ఉన్నదీ తరచుగా పనిచేస్తుంది. డికాక్షన్ రంగుకొస్తే అయిపోయినట్టే, డెవలపరులో అసలు పనిచేసే హైడ్రోక్వినోన్‌ను గాలి నుంచి కాపాడే సల్ఫైటు ఖర్చయిపోయిందని అర్థం. ఆస్కార్బిక్ యాసిడ్‌తో చేసే డెవలపర్లలో మాత్రం ఈ గుర్తును నమ్మొద్దు, అవి రంగు మారకుండానే చచ్చిపోతాయి.

డెవలపరుకు అసలు శత్రువు క్యాలెండరు కాదు, గాలి. కొడాక్ తన డెక్టాల్ అనే పేపరు డెవలపరు స్టాకుకు (వాడేముందు నీళ్ళతో పలచన చేసే చిక్కటి ద్రావణానికి) చెప్పిన లెక్క చూడండి: నిండు సీసాలో 6 నెలలు, సగం సీసాలో 2 నెలలు, ట్రేలో 24 గంటలు. అదే మందు, గాలి ఎంత తగిలిందన్నదే తేడా. లీటరు సీసాలో సగం ఖాళీ ఉంటే అందులో వంద మిల్లీలీటర్ల పైచిలుకు ఆక్సిజన్ ఉంటుంది. అదంతా కలిపి తినేది ఒక గ్రాము సల్ఫైటు, అంతే. ఒక్కసారి మూత బిగించి వదిలేస్తే పెద్ద నష్టం లేదన్నమాట. దెబ్బ పడేది మాటిమాటికీ మూత తీసి కొత్త గాలిని లోపలికి పంపడం వల్లా, గాలిని లోపలికి వదిలే పలచటి ప్లాస్టిక్ డబ్బాల వల్లా. కలిపిన రోజే స్టాకును 250 మి.లీ. గాజు సీసాల్లో మూతి దాకా నింపేయండి, ఒక్కోసారి ఒక్క సీసానే విప్పండి. కూల్‌డ్రింకు సీసాల్లో పోసేవాళ్ళున్నారు. పిల్లలున్న ఇంట్లో ఆ పని అసలు చేయకండి.

నెలకో రెండు నెలలకో ప్రింటు చేసేవాళ్ళకి నా సలహా, పొడులు విడిగా కొనుక్కుని డి-72 అనే పేపరు డెవలపరును అరలీటరు చొప్పున కలుపుకోవడం. గట్టి మూత ఉన్న డబ్బాలో, తడి తగలకుండా ఉంచితే పొడులు ఏళ్ళ తరబడి ఉంటాయి. లీటరుకు లెక్క ఇది: మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైటు 45, హైడ్రోక్వినోన్ 12, సోడియం కార్బొనేటు 67.5, పొటాషియం బ్రోమైడు 2. సల్ఫైటు, కార్బొనేటు రెండూ నీరులేని రకం. 50 డిగ్రీల నీళ్ళు 750 మి.లీ. తీసుకుని ఇదే వరసలో ఒక్కోటి పూర్తిగా కరిగాకే తర్వాతది వేయాలి, చివర్లో చన్నీళ్ళతో లీటరు చేయాలి. సల్ఫైటు ముందు మొత్తం పోస్తే మెటాల్ కరగదు. చిటికెడు మాత్రం ముందు వేయొచ్చు, రంగు మారకుండా చూస్తుంది. వాడేటప్పుడు ఒక వంతుకు రెండు వంతుల నీళ్ళు. బోరు నీళ్ళు వద్దు, ఉప్పు కట్టి అడుగున తెల్లటి మడ్డి చేరుతుంది. ఆర్‌ఓ నీళ్ళు చాలు.

ఇక పేపరు. కొత్త డెవలపరు చేతిలో ఉన్నాకే ఇది. సేఫ్‌లైటు (డార్క్‌రూములో పేపరుకు హాని చేయని మసక బల్బు) కూడా ఆర్పేసి, పూర్తి చీకట్లో షీటు నడిమి భాగం నుంచి రెండు ముక్కలు కోయండి. ఒకటి నేరుగా హైపోలో (ఆ తర్వాత వెలుతురు తగిలినా పేపరు మారకుండా చేసే ఫిక్సరులో) వేయండి. రెండోది డెవలపరులో రెండు నిమిషాలు ఉంచి, డెవలపరు పనిని ఆపే స్టాప్ ద్రావణం, ఆపైన హైపో. కడిగి ఆరబెట్టి, పగటి వెలుతురులో ఒకదాని అంచు మీద ఇంకొకటి పెట్టి చూడండి. కొత్త పేపరుతో పోల్చొద్దు, పాత ఫైబర్ పేపరు అట్టే పసుపెక్కి ఉండొచ్చు. హైపో ముక్కే మీ తెలుపు. తేడా కనబడకపోతే ఫాగ్ (వెలుతురు తగలకుండానే వచ్చే మసక) లేదు, ప్యాకెట్ మీద ఏ తేదీ ఉన్నా వాడుకోండి. ఈ పరీక్ష నెగ్గి, సేఫ్‌లైటు కింద ఐదు నిమిషాలు ఉంచిన ముక్క మాత్రం మసకబారితే దోషం మీ బల్బుది.

పలచటి బూడిద పొర కనిపిస్తే దాన్ని అణచడానికి బెంజోట్రయజోల్ అనే మందు ఉంది. ఒక గ్రామును వంద మి.లీ. వేడినీళ్ళలో కరిగించి పెట్టుకోండి, చన్నీళ్ళలో ఓ పట్టాన కరగదు. వాడుక డెవలపరు లీటరుకు 10 మి.లీ. పోసి మళ్ళీ ఆ రెండు ముక్కల పరీక్ష చేయండి. చాలకపోతే ఐదేసి మి.లీ. పెంచండి. పేపరు వేగం తగ్గుతుంది కాబట్టి ఎక్స్‌పోజరు పెంచుకోవాలి, నలుపు కాస్త నీలివైపు పోతుంది. మసక అంచుల్లోనే ఉంటే మందు దండగ. పాత ప్యాకెట్లలో గాలి, తేమ ముందు అంచుల నుంచే లోపలికి పోతాయి. చుట్టూ అర అంగుళం కోసేస్తే మిగతాది బాగుండొచ్చు.

మీ రెండు రకాల్లో నాకు ఇందు మీదే ఆశ ఎక్కువ. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967 నుంచి ఆ పేరుతో తయారు చేసిన సరుకు అది. మీ ప్యాకెట్లు గ్రేడు పేపరే (కాంట్రాస్టు, అంటే నలుపు తెలుపుల తేడా, ముందే ఖాయమైన పేపరు) అయితే, ముసలితనంలో ఒక గ్రేడు కిందికి దిగినా ప్రింటు వస్తుంది. కాంట్రాస్టు కాస్త ఎక్కువున్న నెగెటివ్ ఎంచుకోండి. ఫిల్టర్లతో కాంట్రాస్టు మార్చుకునే మల్టీగ్రేడుకు పై గ్రేడ్లు ముందు పోతాయి, 5వ నంబరు ఫిల్టరు పెట్టినా 3 లాగే వస్తుంది. ఆ పెట్టె విప్పి ఉంది కూడా.

మిగిలింది దాచుకోవడం. విజయవాడ, రామగుండం ఎండల్లో అటక మీద ఒక్క వేసవి చాలు పేపరు చెడడానికి. నల్ల కవరు మడిచి, జిప్ సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి. రాత్రంతా బయట ఉంచి పొద్దున విప్పండి, లేకపోతే షీట్ల మీద నీటి చెమట పట్టి మచ్చలవుతాయి. కొత్తగా రంగులు వేసిన గదిలో, ఫినాయిల్, నాఫ్తలిన్ ఉండలున్న బీరువాలో పెట్టొద్దు.

బెంజోట్రయజోల్ 30 మి.లీ. దాకా పోసినా మసక దిగని పేపరుంటే దాన్ని లిత్ అనే మరో రకం డెవలపరుకు దాచండి. అందులో నీడలు ముందు నల్లబడతాయి. మసక పైకి తేలకముందే షీటు పైకి లాగేయొచ్చు.