ఎన్నారై సందేహాలు: ఫుటీ డ్రాఫ్ట్‌లో తొలి పిక్ వల్ల క్లబ్బుకు నిజంగా ఎంత మేలు?

ప్రశ్న: మేము కిందటేడు హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ వచ్చి టార్నీట్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి బడిలో స్నేహితులతో కలిసి మెల్‌బోర్న్ డీమన్స్ జట్టుకు వీరాభిమాని అయిపోయాడు. జట్టు ఓడిపోయినప్పుడల్లా “ఓడిపోతేనే మంచిది నాన్నా, అందరికంటే కింద ఉంటే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ మనకే వస్తుంది” అంటున్నాడు. మా ఆఫీసులో కూడా నవంబరు వచ్చేసరికి అందరూ ఈ పిక్కుల గురించే మాట్లాడుకుంటారు. ఇందులో అంత లాభం ఉందా? దయచేసి వివరించండి.

జవాబు: మీ అబ్బాయి అన్నదాంట్లో సగం నిజం ఉంది. మిగిలిన సగాన్ని అతని అభిమాన జట్టు చరిత్రే చాలా స్పష్టంగా చెబుతుంది కనుక, ఈ సంగతిని ఆ జట్టు కథతోనే వివరించడం మేలని నాకు తోస్తున్నది.

ముందుగా పద్ధతి తెలియాలి. మనం ఐపీఎల్ వేలానికి అలవాటుపడినవాళ్లం. అక్కడ ఎవరు ఎక్కువ పాట పాడితే ఆటగాడు వారివాడు. ఇక్కడివాళ్లు ఫుటీ అని పిలిచే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో కొత్త ఆటగాళ్ల కోసం పాటలు ఉండవు, వంతులే ఉంటాయి. ఒక్కో వంతును పిక్ అంటారు. 1986లో మొదలైన ఈ డ్రాఫ్ట్‌లో, ఆ ఏడాది పాయింట్ల పట్టికలో అట్టడుగున నిలిచిన క్లబ్బు మొదట ఎంచుకుంటుంది, ఛాంపియన్ క్లబ్బు చివర ఎంచుకుంటుంది. ఎంపికయ్యేవారిలో అత్యధికులు పన్నెండో తరగతి అప్పుడే ముగించిన పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు. ఏ ఊరికి వెళ్లాలన్నది వాళ్ల చేతిలో ఉండదు. పెర్త్‌లో పెరిగిన పిల్లవాణ్ణి బ్రిస్బేన్ క్లబ్బు పిలిస్తే అతను ఇల్లు విడిచి నాలుగు వేల కిలోమీటర్ల దూరం పోవలసిందే. బలహీనులకు ముందు వంతు ఇస్తే కొన్నేళ్లకు జట్లన్నీ సమానమవుతాయన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన.

ముందు పిక్‌కు ఎంత విలువో లీగే అంకెల్లో చెప్పింది. 2015లో ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) ఒక పాయింట్ల పట్టిక తయారుచేసి, మొదటి పిక్‌కు 3000, రెండోదానికి 2517, పదోదానికి 1395, ఇరవయ్యోదానికి 912 పాయింట్లు కట్టింది. గతంలో ఆయా పిక్కులతో వచ్చిన ఆటగాళ్లు ఎంత జీతం సంపాదించారో చూసి ఆ విలువలు నిర్ణయించారు. మొదటి రెండు పిక్కుల మధ్యనే దాదాపు 500 పాయింట్ల తేడా ఉండడాన్ని బట్టి, అగ్రస్థానంలో విలువ ఎంత నిటారుగా పడిపోతుందో అర్థమవుతుంది. కనుక సగటున చూస్తే ముందు పిక్ మంచిదే, అందులో సందేహం లేదు. అయితే ఒక క్లబ్బు చేతికి వచ్చేది సగటు కాదు, ఒక్క కుర్రాడు. ఆ ఒక్కడి మోకాలు, పాదం, మనోధైర్యం, అతనికి శిక్షణ ఇచ్చే మనుషులు, అతని పక్కన ఆడే సీనియర్లు, వీటన్నిటి మీదా ఆ 3000 పాయింట్లు ఆధారపడి ఉంటాయి.

లీగ్‌లో ఏటా అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో పతకాన్ని 1986 నుంచి 2025 వరకు గెలిచినవారిలో మొదటి పిక్‌గా వచ్చినవారు ఇద్దరే: 2008లో ఆడమ్ కూనీ, 2025లో మ్యాట్ రోవెల్. అదే పతకాన్ని రెండుసార్లు గెలిచిన లాకీ నీల్ 2011 డ్రాఫ్ట్‌లో 58వ పిక్. అలాగని మొదటి పిక్కులు వృథా అయ్యాయని కాదు. 2001లో హాథార్న్ మొదటి పిక్‌తో తీసుకున్న ల్యూక్ హాడ్జ్ నాలుగు ప్రీమియర్‌షిప్‌లు, అంటే లీగ్ ఛాంపియన్ పట్టాలు, గెలిచాడు. వాటిలో మూడింటికి అతనే నాయకుడు. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఆ పిక్ నిజానికి అట్టడుగున నిలిచిన ఫ్రీమాంటిల్‌ది. అప్పటికే పేరున్న ట్రెంట్ క్రోడ్‌ను, మరొక ఆటగాణ్ణి తెచ్చుకోవడానికి ఫ్రీమాంటిల్ దాన్ని ఇచ్చేసింది. అదే బేరంలో హాథార్న్‌కు దక్కిన 36వ పిక్‌తో శామ్ మిచెల్ వచ్చాడు. అతను కూడా ప్రీమియర్‌షిప్ కెప్టెన్ అయ్యాడు.

ఇక డీమన్స్ సంగతి. 2008లో మూడు మ్యాచులే గెలిచి అట్టడుగున నిలిచిన మెల్‌బోర్న్ క్లబ్బు మొదటి పిక్‌తో జాక్ వాట్స్ అనే పొడవాటి ఫార్వర్డ్‌ను తీసుకుంది. రెండో పిక్‌తో వెస్ట్ కోస్ట్ తీసుకున్న నిక్ నైటనుయి ఆ తరంలో గొప్ప రక్‌మన్‌గా (పైకి విసిరిన బంతి కోసం ఎగిరి పోటీపడే పొడవాటి ఆటగాడిగా) పేరు తెచ్చుకున్నాడు కాబట్టి వాట్స్‌కు ఆ పోలిక జీవితాంతం తప్పలేదు. మరుసటి ఏడాది జూన్‌లో, రాణి పుట్టినరోజు సెలవు నాడు, ఎంసీజీలో కోలింగ్‌వుడ్ మీద అతణ్ణి తొలిసారి దింపారు. అప్పటికి వాట్స్ ఇంకా బడిలో చదువుకుంటున్నాడు, ఒంటికి కండ పట్టని వయసు. బంతి దగ్గరకు చేరీ చేరగానే ముగ్గురు కోలింగ్‌వుడ్ ఆటగాళ్లు ఒక్కసారిగా మీద పడి అతణ్ణి నేలకు అదిమేశారు. ఆ దృశ్యం ఇక్కడి అభిమానులకు నేటికీ గుర్తే. నా మట్టుకు నాకు, ఆ రోజు తప్పంతా క్లబ్బుదే అనిపిస్తుంది. లేత మొక్కను నడివేసవిలో నాటి నీడ కల్పించని రైతు, అది వాడిపోతే విత్తనాన్ని నిందించకూడదు.

2009లోనూ మెల్‌బోర్న్ చివరి స్థానంలోనే నిలిచింది. వరుసగా రెండేళ్లు నాలుగేసి విజయాలకు మించని క్లబ్బుకు అదనంగా ఒక ముందు పిక్ ఇచ్చే నిబంధన అప్పట్లో ఉండేది. దాని పుణ్యమా అని మొదటి రెండు పిక్కులూ ఆ క్లబ్బుకే దక్కాయి. టామ్ స్కల్లీ, జాక్ ట్రెంగోవ్ వచ్చారు. స్కల్లీ రెండే సీజన్లు ఆడి, కొత్తగా పుట్టిన గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి వెళ్లిపోయాడు. ట్రెంగోవ్‌ను ఇరవై ఏళ్ల వయసులోనే ఇద్దరు కెప్టెన్లలో ఒకరిగా చేశారు. లీగ్ చరిత్రలో అంత చిన్న వయసు నాయకుడు అంతకు ముందు లేడు. తర్వాత పాదం ఎముకకు తగిలిన గాయం అతని ఎదుగుదలను దెబ్బతీసింది. ఆ ఏడాది మూడో పిక్ ఎవరో తెలుసా? రిచ్‌మండ్ తీసుకున్న డస్టిన్ మార్టిన్. గ్రాండ్ ఫైనల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకాన్ని మూడుసార్లు గెలిచినవాడు అతనొక్కడే. మరొక వింత చూడండి: అదే 2009లో మెల్‌బోర్న్ 34వ పిక్‌తో మాక్స్ గాన్‌ను తెచ్చుకుంది. మోకాలి గాయాల వల్ల జట్టులో స్థిరపడడానికి అతనికి చాలా ఏళ్లు పట్టింది కాని, చివరకు ఆ క్లబ్బును గట్టెక్కించిన కెప్టెన్ అతనే. 2015 నాటి లీగ్ పట్టికలో 34వ పిక్ విలువ 542 పాయింట్లు, మొదటిదాంట్లో అయిదో వంతు కూడా లేదు.

ఆ కుర్రాళ్లు చేరిన ఇల్లు ఎలా ఉండేదో కూడా చెప్పాలి. 2011 జూలైలో జీలాంగ్ చేతిలో 186 పాయింట్ల తేడాతో ఓడి, కోచ్ డీన్ బెయిలీ ఉద్యోగం పోయింది. తర్వాత వచ్చిన మార్క్ నీల్డ్‌ను 2013 సీజను మధ్యలోనే తొలగించారు. అనుభవజ్ఞులు కరువై, కోచ్‌లు మారుతూ, ప్రతి వారం భారీ ఓటములు చవిచూస్తున్న చోట పద్దెనిమిదేళ్లవాడు ఆట నేర్చుకునేది ఎవరి దగ్గర?

2014లో పాల్ రూస్ కోచ్‌గా వచ్చాక పరిస్థితి నెమ్మదిగా మారింది. ఆయన హయాంలో క్లబ్బు పిక్కులను మొక్కుబడి కానుకల్లా కాక పెట్టుబడిలా చూడడం మొదలుపెట్టింది. ఆయన తొలి సీజనుకు ముందటి డ్రాఫ్ట్‌లో చేతిలో ఉన్న రెండో పిక్‌ను గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి ఇచ్చి, వెంటనే ఆడగల డామ్ టైసన్‌ను, తొమ్మిదో పిక్‌ను తీసుకున్నారు. ఆ తొమ్మిదో పిక్‌తో క్రిస్టియన్ సేలమ్ వచ్చాడు. 2014లో రెండు, మూడు పిక్కులతో క్రిస్టియన్ పెట్రాకా, ఆంగస్ బ్రేషా వచ్చారు. 2015లో నాలుగో పిక్‌తో క్లేటన్ ఆలివర్ వచ్చాడు. పెట్రాకాకు తొలి మ్యాచ్ ఆడకముందే మోకాలి లిగమెంట్ తెగి 2015 సీజను మొత్తం పోయింది. ఈసారి మాత్రం క్లబ్బు తొందరపడలేదు.

అంతటితోనూ పని పూర్తి కాలేదు. రక్షణ వరుసకు పెద్ద తలకాయలు కావాలని గ్రహించి, జేక్ లీవర్ కోసం రెండు తొలి రౌండు పిక్కులను, స్టీవెన్ మే అనే ఆటగాణ్ణి తెచ్చిన బేరంలో ఆరో పిక్‌ను వదులుకున్నారు. ముందు పిక్‌లతో కుర్రాళ్లను తెచ్చుకోవడం ఎంత ముఖ్యమో, వాళ్లు పండే వేళకు మిగిలిన ముందు పిక్‌లను అమ్మి పెద్దవాళ్లను కొనుక్కోవడం అంతే ముఖ్యమని నేను భావిస్తాను. 2021 సెప్టెంబరులో పెర్త్‌లో జరిగిన గ్రాండ్ ఫైనల్‌లో మూడో క్వార్టర్‌లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ కంటే 19 పాయింట్లు వెనకబడిన మెల్‌బోర్న్, అక్కడి నుంచి ఉప్పెనలా లేచి 74 పాయింట్ల తేడాతో గెలిచింది. పెట్రాకా 39 డిస్పోజల్స్‌తో (కాలితోనో చేత్తోనో బంతిని అందించడం), రెండు గోల్స్‌తో నార్మ్ స్మిత్ పతకం అందుకున్నాడు. 1964 తర్వాత ఆ క్లబ్బుకు అదే మొదటి ప్రీమియర్‌షిప్. లెక్క చూడండి: మొదటి పిక్‌గా వచ్చిన వాట్స్, స్కల్లీ ఆ జట్టులో లేరు, రెండు, మూడు, నాలుగో పిక్కులవాళ్లు, 34వ పిక్ కెప్టెన్, కొనుక్కొచ్చిన రక్షకులు ఉన్నారు. పిక్ చేసిన నాటి నుంచి కప్పు వచ్చేదాకా పెట్రాకా విషయంలో ఏడేళ్లు పట్టింది.

కార్ల్‌టన్ అభిమానులు మీ ఆఫీసులో తప్పక ఉంటారు, వాళ్ల దగ్గర ఈ ప్రస్తావన కాస్త సున్నితంగా తీసుకురండి. 2005, 2006, 2007 మూడేళ్లూ వరుసగా మర్ఫీ, గిబ్స్, క్రూజర్‌లను మొదటి పిక్‌లుగా తీసుకున్న క్లబ్బు అది; 2015లో వైటరింగ్, 2018లో వాల్ష్ కూడా మొదటి పిక్‌లే. వీళ్లెవరూ చెడ్డ ఆటగాళ్లు కారు. మర్ఫీ సరిగ్గా 300 మ్యాచులు ఆడాడు. అయినా 1995 తర్వాత ఆ క్లబ్బు ప్రీమియర్‌షిప్ ముఖం చూడలేదు. కొత్త క్లబ్బులుగా మొదలైన గోల్డ్ కోస్ట్, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీలకు ముందు పిక్కులు దోసిళ్లతో ఇచ్చినా, 2025 సీజను ముగిసేసరికి ఆ రెంటికీ కప్పు దక్కలేదు.

ఇక ఓడిపోతే మంచిదన్న మాట. ఆ ఆశే క్లబ్బులను ఎక్కడికి తీసుకుపోతుందో 2009 చూపింది. ఆ సీజనులో మెల్‌బోర్న్ కావాలని ఓడిందా అన్న విచారణ జరిపి, 2013లో లీగ్ ఆ క్లబ్బు ఉద్దేశపూర్వకంగా ఓడలేదని తేల్చినా, అప్పటి కోచ్‌ను, ఒక అధికారిని సస్పెండ్ చేసి, క్లబ్బుకు 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అదనపు పిక్ తనంతట తానే వచ్చే నిబంధనను అప్పటికే తీసేశారు. మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి. తన జట్టు ఓడాలని కోరుకునే అలవాటు పదేళ్ల వయసులో పడితే ఆట చూసే ఆనందమే పోతుంది.

వచ్చే నవంబరులో ఆఫీసులో మాట వచ్చినప్పుడు, తీసుకున్న కుర్రాడు ఏ రకం ఆటగాడో అడగండి. నా పరిశీలనలో మిడ్‌ఫీల్డర్లు త్వరగా అక్కరకు వస్తారు, పొడవాటి ఫార్వర్డ్‌లకూ రక్‌మన్‌లకూ అయిదారేళ్లు పడుతుంది. అలాగే గాయాల దురదృష్టాన్ని ఎంపిక లోపంగా లెక్కించకండి. 2014లో పెట్రాకాను కాదని సెయింట్ కిల్డా మొదటి పిక్‌గా తీసుకున్న పాడీ మెకార్టిన్ తలకు పదే పదే తగిలిన దెబ్బల వల్ల ఆట వదులుకోవలసి వచ్చింది. మూడో పిక్ బ్రేషా కూడా 2024లో అదే కారణంగా విరమించాడు.

మీ అబ్బాయికి చూడడంతో పాటు ఆడాలని కూడా ఉంటే, దగ్గరలో పిల్లలకు ఫుటీ నేర్పే ఆస్కిక్ కేంద్రంలోనో, జూనియర్ క్లబ్బులోనో చేర్పించండి. పశ్చిమ శివారు కుర్రాళ్లు పద్దెనిమిదేళ్ల లోపు పోటీల్లో వెస్టర్న్ జెట్స్ జట్టు ద్వారా డ్రాఫ్ట్ దాకా వెళతారు. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల కోసం, ఆదివాసీ పిల్లల కోసం ఏఎఫ్ఎల్ క్లబ్బులు నెక్స్ట్ జనరేషన్ అకాడమీలు నడుపుతున్నాయి. అక్కడ పెరిగిన కుర్రాణ్ణి డ్రాఫ్ట్‌లో మరో క్లబ్బు పిలిస్తే, నేను పైన చెప్పినలాంటి పాయింట్ల లెక్కలో సరిపడా తన పిక్కులను వదులుకుని సొంత క్లబ్బే అతణ్ణి తీసుకోవచ్చు. 2020లో బుల్‌డాగ్స్ మొదటి పిక్ జమారా యుగల్-హేగన్ అలా వచ్చినవాడే. మీ ప్రాంతం ఏ క్లబ్బు అకాడమీ కిందికి వస్తుందో స్థానిక జూనియర్ క్లబ్బు కార్యదర్శిని అడిగితే చెబుతారు.