సీటీ నార్మల్ వచ్చింది కదా, మళ్లీ ఎమ్మారై ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. వైరల్ న్యుమోనియాతో ఆసుపత్రిలో చేర్చాం. నాలుగో రోజు నుంచి మమ్మల్ని గుర్తుపట్టడం లేదు, రాత్రంతా ఏదేదో మాట్లాడుతున్నారు. తలకు సీటీ స్కాన్ తీసి నార్మల్ అన్నారు. ఇప్పుడు ఎమ్మారై చేయాలంటున్నారు. వైరస్ మెదడుకు పాకిందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీ భయం అర్థమైంది. కానీ ఆసుపత్రిలో ఉన్న పెద్దవాళ్లు ఇలా తికమకపడటానికి వైరస్ నేరుగా మెదడులోకి వెళ్లడం కంటే వేరే కారణాలే ఎక్కువ. రక్తంలో ఆక్సిజన్ తగ్గినా, సోడియం పడిపోయినా, కిడ్నీలు మందగించినా, జ్వరం తీవ్రంగా ఉన్నా, నిద్రమందు ఇచ్చినా మెదడు గాడి తప్పుతుంది. దీన్ని డెలీరియం అంటారు. ఇందులో స్కాన్ చాలాసార్లు మామూలుగానే వస్తుంది. అందుకే రక్తపరీక్షలు, వాడుతున్న మందుల జాబితా స్కాన్ కంటే ముందు చూస్తాం.

మరి ఎమ్మారై ఎందుకంటే, సీటీ నిమిషాల్లో అయిపోతుంది, తలలో రక్తస్రావం ఉంటే వెంటనే పట్టిస్తుంది. అయితే రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతం మొదటి కొన్ని గంటల్లో సీటీలో కనపడకపోవచ్చు. ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పద్ధతి దాన్ని చాలా త్వరగా చూపిస్తుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కోవిడ్ రోగుల్లో ఇది బాగా చూశాం. కాబట్టి డాక్టర్ల అనుమానం అర్థం లేనిది కాదు.

ఇంకో అనుమానం ఎన్‌సెఫలైటిస్, అంటే మెదడువాపు. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చేదైతే కణతల వైపు భాగంలో మార్పులు కనిపిస్తాయి. మొదట్లో వాటినీ సీటీ పట్టుకోలేకపోవచ్చు. ఇది బలంగా అనుమానిస్తే రిపోర్టుల కోసం ఆగకుండా ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు మొదలుపెడతారు, ఎందుకంటే ఆలస్యమైతే నష్టం మిగిలిపోతుంది. వెన్ను నుంచి నీరు తీసి పరీక్షిస్తామంటే వెనకాడకండి. ఆ పరీక్షతో కాళ్లు పడిపోతాయన్నది అపోహ. ఎమ్మారై కూడా బాగుండి తికమక తగ్గకపోతే ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష అడగండి. బయటికి కనపడని ఫిట్స్ స్కాన్‌లో దొరకవు.

ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు. పేస్‌మేకర్ గానీ, ఒంట్లో లోహపు క్లిప్పులు గానీ ఉంటే మాత్రం ముందే చెప్పండి. ఆయాసంగా ఉన్న మనిషి అరగంట కదలకుండా పడుకోవడం కష్టమే. అందుకని ఆక్సిజన్ నిలకడపడేదాకా ఒక రోజు ఆగుదామంటే అది నిర్లక్ష్యం కాదు. కానీ మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట పడిపోవడం, ఫిట్స్ వీటిలో ఏది కనపడినా అప్పటికప్పుడు నర్సుకు చెప్పండి.

ఈలోగా నాన్నగారి కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే తెచ్చి పెట్టండి. పగలు వెలుతురు పడనివ్వండి. తెలిసిన మనిషి ఒకరు పక్కన కూర్చుని, ఇది ఆసుపత్రి, ఈ రోజు ఫలానా వారం అని నెమ్మదిగా చెబుతూ ఉండండి. ఆయన తప్పుగా మాట్లాడితే వాదించకండి.