వెయ్యి వద్దు తల్లీ, పద్నాలుగు వందల యాభై చాలు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, అది మళ్లీ బరువు తగ్గుతానని మొదలుపెట్టింది. వంటింట్లోకి కాటా కూడా కొనుక్కుందట" అంది. కాటా మాట వినగానే సంతోషమేసింది, ఈసారి ఉత్త ఆవేశం కాదన్నమాట అనుకున్నాను. ఆ వెంటనే "రోజుకు వెయ్యి కేలరీలట" అంది. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు డైట్ చార్టులు రాసి ఇచ్చిన చెయ్యి ఇది, నా సొంత చెల్లెలి కూతురికి ఒక్క ఉత్తరం రాయలేనా అని కూర్చున్నాను.

ముందు నీ అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో చూడు. కాగితం తీసుకో. నీ బరువు 72 కిలోలు, పదితో హెచ్చవేస్తే 720. ఎత్తు 160 సెంటీమీటర్లు, ఆరుంపావుతో హెచ్చవేస్తే 1000. రెండూ కలిపి 1720. అందులోంచి వయసు 29ని అయిదుతో హెచ్చవేసి 145 తీసెయ్యి, ఆడవాళ్లకు ఇంకో 161 తీసెయ్యాలి. మిగిలింది 1414. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా గుండె, ఊపిరితిత్తులు, మెదడు, కాలేయం నడవడానికి నీ ఒంటికి కావలసినది అంత. 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ లెక్క ఇది, మేం ఇప్పటికీ వాడేది ఇదే. నువ్వు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, సాయంత్రం కాస్త అటూ ఇటూ నడుస్తావు. కాబట్టి 1.3తో హెచ్చవెయ్యి. 1838 వస్తుంది. ఈ లెక్కలు తెల్లవాళ్ల ఒళ్లను బట్టి కట్టినవి, మనకు కొంచెం ఎక్కువే చూపిస్తాయి. అందుకని 1800 అనుకుందాం. బరువు పెరగకుండా తరగకుండా ఉండటానికి నువ్వు తినాల్సినది అది. అందులోంచి 350 తీసెయ్యి. 1450. అదీ నీ అంకె.

ప్యాకెట్ల వెనక రోజుకు 2000 అని ఉంటుంది చూడు, దాన్ని నీ లెక్క అనుకోకు. అది సగటు మనిషి కోసం లేబులు మీద వేసేది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కూర్చుని పనిచేసే 55 కిలోల ఆడమనిషికి 1660 అని చెప్పారు. నువ్వు అంతకంటే బరువున్నావు కాబట్టి 1800 సబబే. ప్యాకెట్ మీద కిలో కేలరీలు అని ఉన్నా కంగారుపడకు, మనం కేలరీ అనేది దాన్నే.

అయినా కాగితం లెక్క కాగితం లెక్కే. మొదటి రెండు వారాలు ఏమీ తగ్గించకు. రోజూ తినేదే తిను, ఒక్కొక్కటీ తూచి నోటుబుక్కులో రాసుకో. రెండు వారాలూ బరువు కదలకుండా ఉంటే, అప్పుడు వచ్చిన సగటే నీ అసలు అంకె. అది 1950 వస్తే అందులోంచే 350 తీసుకో. నా మాట కంటే నీ ఒళ్లు చెప్పే మాట నిజం.

ఇక రెండేళ్ల కిందటి సంగతి. ఎత్తితే నీకు కోపం వస్తుందని తెలుసు, అయినా ఎత్తుతాను.

మీ అక్క పెళ్లికి రెండు నెలలుందనగా ఫోన్లో ఏదో యాప్ వేసుకున్నావు. వారానికి ఎంత తగ్గాలని అది అడిగితే కిలో అని నొక్కావు. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలుంటాయి. ఏడు రోజులకు పంచితే రోజుకు 1100. నీ 1800లోంచి 1100 తీస్తే మిగిలేది 700. ఆ యాప్‌కు కూడా అంత ఇవ్వడానికి చెయ్యి రాక 1000 దగ్గర ఆగింది. నువ్వేమో ఎంత కఠినంగా ఉంటే అంత గొప్ప అనుకున్నావు. మొదటి వారం రెండు కిలోలు పైగా తగ్గావని మీ అమ్మకు ఫొటో పంపావు. అందులో చాలావరకు నీళ్లే తల్లీ. కండల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం గ్రాము ఖర్చయితే దాంతోపాటు మూడు గ్రాముల నీళ్లు పోతాయి. రెండో వారానికి ఆ నీళ్లు అయిపోయాయి, కాటా ఆగిపోయింది, నువ్వు ఇంకా బిగించావు.

మూడో వారం నుంచి సోమవారం మొదలు శుక్రవారం దాకా వెయ్యి, శనాదివారాలు బిర్యానీ, ఐస్‌క్రీము, అర్ధరాత్రి ఫ్రిజ్ ముందు నిలబడి తినడం. తప్పు నీది కాదు. అంత తక్కువ తింటే ఆకలి హార్మోన్లు ఊరుకోవు, తిండి తప్ప ఇంకో ఆలోచన రానివ్వవు. లెక్క చూడు: అయిదు రోజులు వెయ్యి చొప్పున 5000, రెండు రోజులు 2800 చొప్పున 5600, మొత్తం 10600. రోజుకు 1514 పడింది. ఏడు రోజులూ కడుపునిండా పదిహేను వందలు తిన్నా అంతే! మరి అయిదు రోజులు మాడింది దేనికి? పసుపు దంచే రోజున రోకలి పట్టుకునే కళ్లు తిరిగి నా మీద వాలిపోయావు. పెళ్లయిన మూడు నెలలకు తలంటుకున్నప్పుడల్లా గుప్పెడు జుట్టు ఊడిందని ఏడ్చావు. ఒంటికి తిండి చాలకపోతే జుట్టు వెంటనే రాలదు, రెండు మూడు నెలలు ఆగి రాలుతుంది. అందుకే నువ్వు షాంపూని తిట్టావు. పోయిన బరువు మళ్లీ వచ్చింది, పైన రెండు కిలోలు తెచ్చింది. ఆ పోవడంలో కొవ్వుతోపాటు కండ పోయింది, రావడంలో ఎక్కువగా కొవ్వే వచ్చింది.

అందుకే ఏ అంకె పెట్టుకున్నా ఆదివారం కూడా నిలబెట్టుకోగలనా అని చూసుకో. 1450ని ఏడుతో హెచ్చవేస్తే వారానికి 10150. ఆరు రోజులు 1400 తింటే ఆదివారానికి 1750 మిగులుతాయి. అందులో ఒక బిర్యానీ ప్లేటు పట్టేస్తుంది, 800 నుంచి 1000 అనుకుని రాసుకో. దొంగతనంగా తినక్కర్లేదు.

రోజుకు 350 లోటంటే వారానికి 300 గ్రాములు, నెలకు కిలో పైచిలుకు. "అంతేనా?" అంటావు. ఆరు నెలలకు ఆరు కిలోలు, అంటే నీ బరువులో ఎనిమిది శాతం. అయిదు శాతం తగ్గినా చాలు, షుగరు, బీపీ, కాలేయంలో కొవ్వు ఒక దారికి వస్తాయి.

ఇప్పుడు లెక్క ఎక్కడ తప్పుతుందో చెబుతాను. మొదటిది అన్నం. పచ్చి బియ్యం వంద గ్రాములు 350 కేలరీలు, ఉడికిన అన్నం వంద గ్రాములు 130. యాప్‌లో రెండూ ఒకే పేరుతో ఉంటాయి. అన్నం తూచి బియ్యం అంకె వేస్తే తినకుండానే తిన్నట్టు చూపిస్తుంది, బియ్యం తూచి అన్నం అంకె వేస్తే తిన్నది మాయమవుతుంది. ఎప్పుడూ పచ్చివే తూచు, పప్పయినా పిండయినా. కుక్కర్‌తో వచ్చిన గ్లాసుకు నిండా బియ్యం పోస్తే సుమారు 150 గ్రాములు, నీకు పూటకు అందులో సగం.

రెండోది నూనె. అందరూ ఇక్కడే దొరికిపోతారు. టీ చెంచా నూనె నలభై కేలరీలు, పెద్ద చెంచా 120. నువ్వు సీసా వంచి పోస్తావు, నేను చూశాను. ఒక్కదానివే ఉంటున్నావు కదా, నూనె ప్యాకెట్ విప్పిన రోజు దాని మీదే తేదీ రాయి. లీటరు పాతిక రోజులకే అయిపోతే రోజుకు 40 మిల్లీలీటర్లు, అంటే 330 కేలరీలు. నువ్వు తగ్గించాలనుకున్నదంతా అక్కడే ఉంది! రోజుకు నాలుగు టీ చెంచాలు చిన్న గిన్నెలోకి పొద్దున్నే తీసి పెట్టుకో, పోపుకైనా పెనానికైనా అందులోంచే. ఆవకాయ మీద తేలే నూనె కూడా నూనే. మూడోది మీ అమ్మ పంపే డబ్బాలు. జంతికలు వంద గ్రాములు అయిదు వందలకు తక్కువుండవు, ఒక సున్నుండ నూట యాభై. పారెయ్యమనను, తూచి గిన్నెలో పెట్టుకుని తిను. డబ్బా ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చోకు.

1450లో ఏం వస్తుందంటే: పొద్దున మూడు ఇడ్లీలు, రెండు చెంచాల పల్లీ పచ్చడి, ఒక గుడ్డు. మధ్యాహ్నం 75 గ్రాముల బియ్యం, 30 గ్రాముల కందిపప్పు, ఏదైనా కూర బోలెడంత, వంద గ్రాముల పెరుగు. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు, చక్కెర ఒక చెంచాతో టీ. రాత్రి రెండు పుల్కాలు, కూర, రెండు గుడ్లు. మొత్తం 1420 దగ్గర తేలుతుంది, అరవై గ్రాముల ప్రోటీన్ పడుతుంది. అంతకు తగ్గనివ్వకు, కండ నిలిచేది దాంతోనే. గుడ్డు వద్దనిపించిన రోజు ఇరవై గ్రాముల మీల్‌మేకర్ కూరలో వేసుకో.

బరువు రోజూ పొద్దున, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు చూసుకో. ఏ రోజు అంకెనూ నమ్మకు, ఏడు రోజుల సగటు తీసి సగటుతోనే పోల్చు. నెలసరి ముందు కిలో పెరుగుతుంది, ఊరగాయ తిన్న మర్నాడు అర కిలో పెరుగుతుంది. అవి నీళ్లు. నాలుగు వారాలకు గానీ అంకె మార్చకు. అప్పటికీ వారానికి 200 గ్రాములు కూడా తగ్గకపోతే ముందు నూనె గిన్నె చూడు, ఆ తర్వాత ఒక వంద తగ్గించు. వారానికి 700 గ్రాములు దాటి తగ్గుతుంటే వంద పెంచు. అరవై ఆరుకి దిగేసరికి నీ ఒంటి ఖర్చు కూడా రోజుకు సుమారు 80 కేలరీలు తగ్గుతుంది, అప్పుడు లెక్క మళ్లీ కట్టు. డాక్టరు చెప్పకుండా 1200 కిందికి మాత్రం పోకు.

నడక, నిద్ర, నీళ్లు నీకు తెలిసినవే. వాచీ నాలుగు వందలు ఖర్చయ్యాయని చూపిస్తే దానికి బదులుగా తినకు. నీ బరువుకి కిలోమీటరు నడిస్తే నలభై, యాభై, అంతే.

నా భయాలు నావి, నవ్వకు. ఖాళీ కడుపుతో స్కూటీ ఎక్కకు. పొద్దున ఆలస్యమైతే అరటిపండు తిని బండి తియ్యి, వంద కేలరీలు పోతే పోనీ. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు మొదలుపెట్టే ముందే చూపించుకో. నీకు ముందునుంచీ రక్తం తక్కువ. నెలసరి తప్పినా, లేవగానే కళ్లు తిరిగినా, కుడి డొక్కలో నొప్పి వచ్చినా ఆ రోజే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లు. మరీ వేగంగా తగ్గినవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు వస్తాయి. ఇంకొకటి. తిన్నందుకు నీ మీద నీకే అసహ్యం వేసి, వాంతి చేసుకుందామనో మర్నాడంతా మానేద్దామనో అనిపిస్తే నోటుబుక్కు మూసేసి నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

సంక్రాంతికి వస్తావు కదా. ఆ నాలుగు రోజులూ 1450 పక్కన పెట్టు, 1800 తిను, బరువు అక్కడే ఉంటుంది. అరిసె ఒక్కటి రెండు వందలు దాటుతుంది, రోజుకు ఒకటి చొప్పున నీకు విడిగా తీసి ఉంచుతాను. కాటా అక్కడే వదిలేసిరా.

మీ పెద్దమ్మ