నర్సక్కను అడగండి: ఫ్లైట్ నర్సు అవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అక్కా, మాది టెక్కలి దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ అయ్యి పది నెలలైంది, శ్రీకాకుళంలో ఒక ప్రైవేట్ ఆసుపత్రి జనరల్ వార్డులో చేస్తున్నాను. ఎయిర్ అంబులెన్స్‌లో ఫ్లైట్ నర్సుగా చేయాలని చాలా కోరిక. మూడు నెలల కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్షన్నర అడుగుతున్నారు. నాన్న అప్పు తెస్తానంటున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దు చెల్లీ. ముందు నాన్నకి ఫోన్ చేసి అప్పు మాట ఆపమని చెప్పు, మిగతాది తర్వాత చదువు.

ఈ పనికి తీసుకునేవాళ్లు మొదట అడిగేది ఐసీయూలోనో ఎమర్జెన్సీలోనో ఎన్నేళ్లు చేశావని. రెండు మూడేళ్లయినా లేకపోతే కష్టం, ఐదేళ్లుంటే మంచిది. ఎందుకంటే విమానంలో పేషెంట్ పక్కన నువ్వూ ఒక డాక్టరూ, మహా అయితే ఇంకొకరు, అంతే. పక్క బెడ్ సిస్టర్‌ని కేకేయడానికి లేదు, ల్యాబ్ లేదు. అందుకని ఈ నెలలోనే మీ నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం దగ్గరికెళ్లి ఐసీయూకి మార్చమని అడుగు, కాదంటే వచ్చే నెల మళ్లీ అడుగు. వెంటిలేటర్ మీదున్న మనిషిని చూసుకోవడం, పంపులో బీపీ నిలబెట్టే నారడ్రినలిన్ మందు డోసు లెక్కకట్టడం, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే ఏబీజీ రిపోర్టు చదవడం నీ చేతికి రావాలి. డబ్బు పెట్టాలనే ఉంటే గుండె, ఊపిరి ఆగినప్పుడు ఏం చేయాలో నేర్పే బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్‌కి పెట్టు, పిల్లల కోసం పాల్స్. రెండు మూడు రోజుల్లో అయిపోయే కోర్సులే, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు రెండేళ్లు చెల్లుతుంది, ఎక్కడికెళ్లినా అడుగుతారు. ఇంకా చదవాలనిపిస్తే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్‌తో క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల పీజీ ఉంది.

ఇక అసలు మాట. రెఫరల్ కేసుని విశాఖ తీసుకెళ్లాలంటే వార్డులో అందరూ తల దించుకుంటారు కదా, అప్పుడు నువ్వు నేనెళ్తానని చెయ్యెత్తు. ఈ పనికి మన దగ్గరున్న బడి ఆ హైవేనే.

నేను రెండో ఏడాదిలో ఉండగా, కట్లపాము కరిచిన పన్నెండేళ్ల పిల్లాడిని రాత్రిపూట శ్రీకాకుళం నుంచి విశాఖ తీసుకెళ్లాను. రెప్పలు వాలిపోయాయి, సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతున్నాడు, ట్యూబ్ వేసి ఉంది, నేను చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కుతున్నాను. ఎక్కేముందు సిలిండర్ మీటర్ చూశాను, ముల్లు సగం దగ్గరుంది, సగం ఉందిగా చాల్లే అనుకున్నాను. భోగాపురం దాటాక చూస్తే అంబూ వెనకుండే ప్లాస్టిక్ సంచి ఉబ్బడం మానేసి ముడుచుకుపోయింది. ఆక్సిజన్ అయిపోయింది, స్పేర్ లేదు. "సిస్టరమ్మా, మా గుంటడికి ఏటైందమ్మా" అని వాళ్లమ్మ నా మోచెయ్యి పట్టుకుంది, నేను ఆ చేత్తోనే బ్యాగ్ నొక్కాలి. ఉత్త గాలితోనే నొక్కుతూ తగరపువలసలో ఒక చిన్న ఆసుపత్రి ముందు బండి ఆపించి సిలిండర్ అడిగి తెచ్చుకున్నాం. పిల్లాడు బతికాడు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి కాబట్టి ఉత్త గాలి సరిపోయింది, అదే న్యుమోనియా పేషెంట్ అయితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. బీ టైప్ సిలిండర్ నిండా ఉంటే సుమారు 1,500 లీటర్లు. సగమంటే 750. నిమిషానికి 10 లీటర్లు పెట్టాను కాబట్టి 75 నిమిషాలే వస్తుంది, దారేమో ఆసుపత్రి గేటు దాకా రెండు గంటలు. బండి కదలకముందు వేయాల్సిన లెక్క ఇది. అప్పటి నుంచి ప్రయాణానికి పట్టే సమయానికి రెట్టింపు ఆక్సిజన్ కళ్లతో చూస్తే గాని నేను ఎక్కను. విమానంలోనూ ఇదే లెక్క, కాకపోతే అక్కడ తగరపువలస ఉండదు.

పైకెళ్లాక ఇంకొన్ని తోడవుతాయి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఆక్సిజన్ కాస్త పడిపోతుంది. ఒంట్లో ఎక్కడ గాలి చిక్కుకుని ఉన్నా అది దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. అందుకే న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఉంటే ముందు చెస్ట్ ట్యూబ్ వేయాలి, గొంతులో ట్యూబ్ చుట్టూ గాలితో ఉబ్బి ఉండే కఫ్ ప్రెషర్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చూస్తూనే ఉండాలి. ఇంజిన్ మోతలో స్టెత్ పనికిరాదు, ఛాతీ లేస్తోందా లేదా కంటితో చూడాలి, చేత్తో తడిమి చూడాలి. ఇవన్నీ పనిలో చేరాక నేర్పుతారు, నీకు ఐసీయూ చెయ్యి తిరిగి ఉంటే తొందరగానే వస్తాయి.

ఉద్యోగాలు ఎక్కువగా ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ వైపే. చాలాచోట్ల ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ పిలిచినప్పుడు వెళ్లే పద్ధతి, అది ముందే అడిగి తెలుసుకో. మామూలు విమానంలో స్ట్రెచర్ పేషెంట్‌కి తోడెళ్లే ఎస్కార్ట్ పని కూడా ఉంటుంది, గల్ఫ్‌లో జబ్బుపడ్డ మనవాళ్లని ఇంటికి తెచ్చేది ఇలాగే. అమెరికా ఆలోచన ఉంటే ముందు నర్సు లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్, అక్కడి లైసెన్స్, అక్కడి ఐసీయూ అనుభవం, ఆ తర్వాత ఫ్లైట్ నర్సులకుండే సీఎఫ్‌ఆర్‌ఎన్ అనే పరీక్ష, 175 ప్రశ్నలు, 3 గంటలు. రోడ్డు మీద రవాణా చేసే నర్సులకి సీటీఆర్‌ఎన్ అని వేరే ఉంది.

ప్రశ్న: మేడం, చీపురుపల్లి నుంచి రాస్తున్నాను. 108లో ఈఎంటీగా (అంబులెన్స్ టెక్నీషియన్‌గా) ఆరేళ్లు చేశాను. నేను ఫ్లైట్ నర్సు కావచ్చా?

జవాబు: తమ్ముడూ, నర్సు అనిపించుకోవాలంటే జీఎన్ఎమ్ డిప్లొమా గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి, దానికి దగ్గరి దారి లేదు. కానీ విమానాల్లో పారామెడిక్‌లని కూడా తీసుకుంటారు, నువ్వు ఆ వైపు చూడు. కొండ ఊళ్ల నుంచి డోలీలో మోసుకొచ్చిన గర్భిణిని బండిలోకి ఎక్కించి దారిలోనే కాన్పు చేసిన రోజులు నీకూ ఉండే ఉంటాయి, అలాంటి కేసులు తేదీతో, ఏం చేశావో పేషెంట్ పేరు లేకుండా ఒక డైరీలో రాసుకో. ఇంటర్వ్యూలో నీ ఆరేళ్లని నోటిమాటగా చెప్పడం వేరు, డైరీ తెరిచి చెప్పడం వేరు.

ప్రశ్న: బొబ్బిలి నుంచి ఒక తల్లిని. మా అమ్మాయి హెలికాప్టర్ అంబులెన్స్‌లో చేస్తానంటోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉందమ్మా.

జవాబు: మీ భయం నాకు అర్థమైంది వదినా, ప్రమాదం లేదని నేను చెప్పను. 2024 అక్టోబరులో రిషికేశ్ ఎయిమ్స్ మొదలుపెట్టిన హెలి అంబులెన్స్ 2025 మేలో కేదార్‌నాథ్ దగ్గర దిగుతూ దెబ్బతింది, లోపలున్న ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు. కాబట్టి అమ్మాయిని ఆపకండి గానీ రెండు సంగతులు అడిగించండి. సిబ్బందికి ఇన్సూరెన్స్ ఎంత, విమాన ప్రమాదానికి వర్తిస్తుందా అనేది ఒకటి. వాతావరణం బాగోలేదనిపిస్తే నర్సు కూడా వద్దు అనొచ్చా, అన్నందుకు ఉద్యోగానికి ఇబ్బంది వస్తుందా అనేది రెండోది. బాగా నడిపే చోట జట్టులో ఒక్కరు వద్దన్నా బయల్దేరరు, పేషెంట్ ఎంత సీరియస్‌గా ఉన్నాడో పైలట్‌కి ముందుగా చెప్పరు కూడా, జాలితో తప్పు నిర్ణయం తీసుకోకూడదని. ఈ రెండింటికీ జవాబు కాగితం మీద రాసిచ్చాకే జీతం గురించి మాట్లాడమనండి.