మూడు సెకన్ల మెషినా, అరగంట మెషినా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఉద్యోగం విజయవాడలో, ఆరున్నరకల్లా బస్సెక్కాలి. పొద్దున్నే టైం ఉండదని రాత్రే స్టీలు ఫిల్టర్‌లో డికాక్షన్ వేసి పెడుతున్నాం. తెల్లారేసరికి దాని వాసనంతా పోతోంది. ఎస్ప్రెసో మెషిన్ కొందామని చూస్తే ఒకటి 3 సెకన్లలో వేడెక్కుతుందంటారు, ఇంకోటి అరగంట ఆగాలంటారు. రెండూ చేసేది అదే కాఫీ కదండీ, ఇంత తేడా ఎందుకు? మాకు రెండు కప్పులు చాలు.

జవాబు: మీ బాత్రూమ్‌లో గీజర్ ఏ రకమో ఒకసారి గుర్తు చేసుకోండి. స్టోరేజ్ గీజర్ అయితే స్విచ్ వేసి, పేపరు తిరగేసి వస్తేగానీ నీళ్లు కాగవు. ఇన్‌స్టంట్ గీజర్ అయితే కుళాయి తిప్పగానే వేడినీళ్లు. కాఫీ మెషిన్లలోనూ ఈ రెండు జాతులే. బాయిలర్ మెషిన్ తొట్టెడు నీళ్లు కాచి పెట్టుకుంటుంది. థర్మోబ్లాక్ మెషిన్‌లో నీళ్లు సన్నటి దారి గుండా పోతూ పోతూనే వేడెక్కుతాయి. బ్రెవిల్ కంపెనీ బాంబినో మెషిన్ 3 సెకన్లంటున్నదీ, డెలాంగి కంపెనీ డెడికా 40 సెకన్ల లోపంటున్నదీ ఈ రెండో పద్ధతితోనే.

లెక్క వేసి చూద్దాం. 60 మి.లీ. నీళ్లను 25 డిగ్రీల నుంచి 93 డిగ్రీలకు తేవడానికి 1,500 వాట్ల హీటర్‌కు పట్టేది పదకొండు, పన్నెండు సెకన్లు. లీటరున్నర బాయిలర్‌ను నింపి కాచినా ఐదు నిమిషాల్లోపే అయిపోవాలి. మరి అరగంట ఎందుకు? మిగతా పాతిక నిమిషాలూ తినేసేది నీళ్లు కాదు, ఇత్తడి.

పెద్ద మెషిన్ల ముందు భాగంలో నిగనిగలాడుతూ ఏనుగు తలకాయలా ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. వేడినీళ్లు కాఫీ పొడి మీదికి దిగేది అందులోంచే, దాన్ని ఇ61 గ్రూప్ అంటారు. ఇటలీలో ఫేమా కంపెనీ 1961లో తెచ్చిన డిజైన్, ఆ ఏడు ఫిబ్రవరిలో వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణం పేరు మీద పెట్టారు. బరువు దాదాపు 4 కిలోలు. ఆ పాత పద్ధతి గ్రూప్‌కు సొంత హీటరంటూ లేదు. బాయిలర్‌లో కాగిన నీళ్లు గొట్టం గుండా పైకెక్కి, దానిలో తిరిగి, చల్లబడి కిందికి దిగుతుంటాయి. అలా తిరిగి తిరిగి ఆ లోహమంతా కాగాలి. మన రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ట్యాంకులో నీళ్లు 38 డిగ్రీలున్నాయనుకోండి, కాచాల్సిన నీటి వేడిలో తగ్గేది ఐదో వంతే. ఆ ఇత్తడి తలకాయ మాత్రం బెజవాడ ఎండకు కూడా లొంగదు.

ఇక ఆ మూడు సెకన్ల సంగతి. అబద్ధం కాదు, సగం నిజం. వేడెక్కేది నీళ్లు పోయే దారి మాత్రమే. కాఫీ పొడి వేసే పిడి గిన్నె ఉంది చూశారూ, పోర్టాఫిల్టర్, అది చల్లగానే ఉంటుంది. కప్పూ చల్లగానే ఉంటుంది. 200 గ్రాముల పింగాణీ కప్పు వేడెక్కడానికి తాగే వేడి, 30 మి.లీ. ఎస్ప్రెసోలో ఉన్నదానికి తక్కువేం కాదు. అంటే కాఫీ మీ నోటికి చేరేలోపే సగం చల్లారింది. అందుకని పొడి వెయ్యకుండా ఖాళీ పోర్టాఫిల్టర్ బిగించి, కింద కప్పు పెట్టి, ఒకసారి ఉత్త వేడినీళ్లు దింపండి. గిన్నే, కప్పూ రెండూ వెచ్చబడతాయి. ఆ నీళ్లు పారబోసి, తుడిచి, అప్పుడు పొడి వెయ్యండి. నా అనుభవంలో స్విచ్ వేసినప్పటి నుంచి మొదటి గుక్క దాకా మూడు, నాలుగు నిమిషాలు. అట్ట పెట్టె మీది అంకె కాదు, మీరు పోల్చుకోవాల్సింది ఇది.

పాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఒకే చిన్న బాయిలరున్న మెషిన్‌లో కాఫీ దిగాక ఆవిరి కోసం బాయిలర్ మళ్లీ 130 డిగ్రీలు దాటాలి, కాసేపు నిలబడాలి. రెండో కప్పుకు మళ్లీ చల్లార్చుకోవాలి. థర్మోబ్లాక్ అయితే సెకన్లలో మారిపోతుంది. ఇద్దరికి చెరో కప్పు అన్నారు కాబట్టి మీకు అసలు ఆదా అయ్యేది ఇక్కడే. ఇంకో మాట: నురగ కోసం పాలను 60, 65 డిగ్రీల దగ్గర ఆపమంటారు. మా అమ్మకు అలాగే ఇస్తే ఒక గుక్క తాగి, "ఏరా, పాలు కాగలేదా?" అని కప్పు తీసుకెళ్లి పొయ్యి మీద పెట్టింది. మీ ఇంట్లో కూడా పొగలు కక్కితేనే కాఫీ అనేవాళ్లుంటే ఆవిరి మరికాస్త పట్టండి, నురగ పోతే పోయింది.

నా ఓటు థర్మోబ్లాక్‌కే. మిగిలిన డబ్బు కాఫీ గ్రైండర్‌కు పెట్టండి, పిండి రుబ్బే గ్రైండర్ కాదు లెండి. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25, 30 సెకన్లలో దిగాలంటే పొడి ఉప్పుకంటే మెత్తగా ఉండాలి. ఫిల్టర్ కాఫీకి ఆడించిన పొడి వేస్తే పది సెకన్లలో బుడబుడా కారిపోతుంది. చికోరీ కలిపింది వెయ్యనే వద్దు, తడిసి బంకలా పట్టుకుని జల్లెడ మూసేస్తుంది. చికోరీ కలపని అరకు అరబికా గింజలు తెచ్చుకుని ఇంట్లోనే ఆడించుకుంటే, రాత్రి డికాక్షన్‌లో పోయిందన్న వాసన తిరిగొస్తుంది. పంపు నీళ్లను తోసే ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు. '15 బార్', '20 బార్' అని పెద్దక్షరాలతో రాస్తే పట్టించుకోకండి. కాఫీకి కావాల్సింది 9.

మరి అరగంట మెషిన్ ఎవరికీ వద్దా? పొద్దున ఆరింటి నుంచి పది దాకా ఒకరి తర్వాత ఒకరు కాఫీ అడిగే ఇల్లయితే అదే మేలు. ఒకసారి కాగిందంటే పదో కప్పూ మొదటి కప్పులాగే వస్తుంది. నేను నాలుగేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో అలాంటిదే ఒకటి మోజుపడి కొన్నాను. అమ్మినాయన అరగంట సంగతి చెప్పనే లేదు. దానికి తోడు మిక్సీ పెట్టే 6 యాంప్స్ ప్లగ్‌లోనే దాన్ని గుచ్చాను, వారం తిరక్కుండా సాకెట్ గోధుమ రంగుకు తిరిగింది. 1,500 వాట్లంటే ఆరున్నర యాంప్స్. ఫ్రిజ్‌కో ఏసీకో పెట్టే 16 యాంప్స్ పవర్ ప్లగ్ దగ్గరే మెషిన్‌కు చోటు చూడండి. వేసవి సాయంత్రాల్లో వోల్టేజి 200కు పడితే హీటర్ బలం నాలుగింట మూడొంతులే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ కాఫీ మెషిన్ తెస్తానంటున్నాడు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందా? - పటమట, విజయవాడ

జవాబు: వద్దని చెప్పండి, సూట్‌కేసులో ఆ చోటు ఇంకోదానికి వాడుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టులను 120 చేస్తుంది కానీ, మన కరెంటు సెకనుకు ఊగే 50 సార్లను, అంటే 50 హెర్ట్జ్‌ను, అక్కడి 60 చెయ్యలేదు. ఇంటి మెషిన్లలో నీళ్లు తోయడానికి ఎక్కువగా ఉండే వైబ్రేషన్ పంపు ఆ హెర్ట్జ్ లయ మీదే కొట్టుకుంటుంది. 60కి తయారైనది 50 మీద తడబడుతుంది. పైగా 1,500 వాట్లు లాగాలంటే 2,000 వీఏకు (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని చెప్పే కొలత) తగ్గని ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది మెషిన్‌కంటే బరువుంటుంది. వారంటీ కూడా సాధారణంగా సముద్రం దాటదు. ఇక్కడే కొనండి. కొనేముందు రిపేరుకు విజయవాడలో ఎవరైనా వస్తారా, హైదరాబాద్ పంపాలా అని మాత్రం అడగండి.

ప్రశ్న: మా దగ్గర పాత బాయిలర్ మెషిన్ ఉంది. ఐదింటికి దానంతటదే ఆన్ అయ్యేలా స్మార్ట్ ప్లగ్ పెట్టొచ్చా? - భవానీపురం

జవాబు: పెట్టొచ్చు, దాని స్విచ్ టక్కున నొక్కితే అలాగే ఉండిపోయే రకమైతే. టచ్ బటన్లున్నవి కరెంటు వచ్చినా నిద్రలోనే ఉంటాయి. కొన్నిటికి ఇరవై, ముప్పై నిమిషాలకు వాటంతటవే ఆగిపోయే ఏర్పాటుంటుంది, ఐదింటికి ఆన్ చేసి ఆరింటికి లేస్తే మళ్లీ మొదటికే. ప్లగ్ 16 యాంప్స్‌దే తీసుకోండి. యాప్ సెట్టింగ్స్‌లో కరెంటు పోయి వస్తే ఏం చెయ్యాలన్న చోట 'ఆఫ్' పెట్టండి. లేకపోతే మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిందంటే, ఇంట్లో ఎవరూ లేకపోయినా మెషిన్ కాగుతూ కూర్చుంటుంది. రాత్రి పడుకునే ముందు ట్యాంకు నింపడం మర్చిపోకండి. బోరు నీళ్లు మాత్రం పొయ్యకండి, గీజర్ కాయిల్‌కు పట్టిన తెల్ల పొరే బాయిలర్ లోపలా పడుతుంది.