డై వంకర పోకుండా పట్టే హోల్డర్

ప్రశ్న: జీడిపిక్కల యంత్రాల రిపేరు కోసం ఇంట్లో చిన్న లేత్ పెట్టుకున్నాను. దాని టెయిల్‌స్టాక్ (చక్‌కి ఎదురు చివర పనిముట్టు పట్టే భాగం) ఎంటీ2, అంటే మోర్స్ టేపర్ 2 సైజులో సన్నబడుతూ పోయే రంధ్రం ఉన్నది. ఎం8 (8 మి.మీ. మర) స్టడ్డుకి, అంటే తల లేని బోల్టుకి, డై (బయటి మర కోసే గుండ్రటి బిళ్ళ) బిగించిన స్టాక్ చేత్తో పట్టి మర వేస్తే వంకరగా వస్తోంది. నట్టు నాలుగు చుట్లు ఎక్కి బిగుసుకుపోతోంది. టెయిల్‌స్టాక్‌లో పెట్టే డై హోల్డర్ నేనే చేసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, పలాస

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. రెండే ముక్కలు కావాలి. ఒకటి, ముందు భాగం మెత్తగా, తిన్నగా ఉండే ఎంటీ2 బ్లాంక్ ఆర్బర్, అంటే టెయిల్‌స్టాక్‌లో కూర్చునే కడ్డీ. రెండోది 45 మి.మీ. లావు, 60 మి.మీ. పొడవు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రాడ్డు. దీంతో చేసే హోల్డర్ డైని పట్టుకుని ఆర్బర్ మీద జారుతుంది. పాత ఇనుప కొట్లో దొరికే యాక్సిల్ ముక్క జోలికి పోకండి. పైపొర గట్టిపడి ఉంటే టూలు మొన పోతుంది.

ముందు డైని వెర్నియర్‌తో కొలవండి. ఎం8 డై సాధారణంగా 25 మి.మీ. వ్యాసం, 9 మి.మీ. మందం ఉంటుంది. కానీ మన కొట్లలో అంగుళాల లెక్క డైలూ కలిసి ఉంటాయి కాబట్టి చేతిలో ఉన్నదాని కొలతే లెక్క.

ఆర్బర్ ముందు భాగాన్ని 15.97 మి.మీ.కి తిప్పి, మధ్యలో 9 మి.మీ. డ్రిల్లుతో 40 మి.మీ. లోతు రంధ్రం వేయండి. ఇది వేయకపోతే స్టడ్డు కొన ఆర్బర్ మూతికి కొట్టుకుని మర మధ్యలోనే ఆగిపోతుంది.

ఇక రాడ్డు ముక్క. అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. చక్‌లో (లేత్ పట్టు దవడల్లో) బిగించి ఫేసింగ్ చేసి (ముఖం చదును చేసి), ఆ చివర నుంచి ఈ చివరకి డ్రిల్ చేసి, బోరింగ్ టూల్‌తో 15.8కి తెచ్చి, 16 మి.మీ. రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి నునుపు చేసే పనిముట్టు) దించండి. తర్వాత ముక్కని చక్‌లోంచి తీయకుండానే డై కూర్చునే గూడు, 25.05 వ్యాసం, 9 లోతు, బోర్ చేయండి. తీసి తిప్పి బిగిస్తే మూడు దవడల చక్ 0.1 మి.మీ. దాకా పక్కకి పట్టొచ్చు. అప్పుడు డై సెంటర్ తప్పుతుంది, మీ పాత బాధ మళ్ళీ మొదలు.

డైని నిలబెట్టడానికి మూడు ఎం5 గ్రబ్ స్క్రూలు (తల లేనివి) చాలు. డై చీలికలోకి దిగేలా మొన ఉన్నదొకటి, పక్క గుంటలకి రెండు. రంధ్రాలు 4.2 డ్రిల్లుతో వేయండి. డై మీది గుంట కన్నా 0.2 మి.మీ. లోపలికి జరిపి వేస్తే, స్క్రూ బిగించేకొద్దీ డై వెనక అంచుకి ఆనుకుంటుంది. పక్కన ఎం10 మర వేసి, 100 మి.మీ. పిడి తగిలించండి. నూనె రాశాక హోల్డర్‌ని నిలువుగా పడితే ఆర్బర్ మీద దాని బరువుకే జారాలి. పట్టేస్తే డై ముందుకి నడవలేక మరలు చిరిగిపోతాయి.

వాడేటప్పుడు స్టడ్డుని 7.85కి తిప్పి, కొనకి 45 డిగ్రీల చాంఫర్ (అంచు వాలు) 6.5 వ్యాసం దాకా వేయండి. సరిగ్గా 8కి ఉంచితే డైకి బరువు ఎక్కువై మర బరకగా వస్తుంది. డై మీద అక్షరాలున్న వైపు స్టడ్డుని చూడాలి. మొదటిసారి మధ్య స్క్రూతో డైని కొద్దిగా తెరిచి కోసి, నట్టుతో చూసి, తర్వాత పక్క స్క్రూలతో మూయండి.

ఎం8కి మోటారు వేయొద్దు. ప్లగ్గు పీకేసి, క్యారేజీ (టూలు మోసే బండి) దూరంగా జరిపి, ఒక చేత్తో పిడి పట్టుకుని రెండో చేత్తో చక్ తిప్పండి. కటింగ్ ఆయిల్ ధారాళంగా వాడండి. ప్రతి అర చుట్టుకీ కొంచెం వెనక్కి తిప్పితే రజను తెగుతుంది. మోటారు మీద పిడి చేజారితే వేళ్ళు విరుగుతాయి, దయచేసి ఈ మాట తేలిగ్గా తీసుకోకండి.

ప్రశ్న: ఇలాంటి హోల్డరే చేశాను. మర వేస్తుంటే ఆర్బర్ టెయిల్‌స్టాక్‌లో గిర్రున తిరుగుతోంది. టేపర్ తప్పా?
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: టేపర్ కన్నా ముందు హోల్డర్‌ని చూడండి. తిరిగే బలం పిడి మీద పడాలి, ఆర్బర్ మీద పడకూడదు. ఆర్బర్ తిరిగిందంటే హోల్డర్ దాన్ని పట్టేస్తోందన్నమాట. రీమర్ వేసిన రంధ్రంలో రజను గానీ, పిడి రంధ్రం తాలూకు బుర్రు (అంచున లేచిన పదును రేకు) గానీ ఉంటుంది. దాన్ని గీకి, కిరోసిన్‌తో కడిగి, నూనె రాయండి. అప్పటికీ తిరిగితే టేపర్ పొడవునా ప్రష్యన్ బ్లూ (ఎక్కడ ఆనుతోందో చూపే నీలి రంగు) పల్చగా పూసి, లోపల పెట్టి కొద్దిగా తిప్పి తీయండి. రంగు ఒక్క చివరే చెరిగితే టేపర్ తప్పినట్టే, ఆర్బర్ మార్చండి.